ఎముక విరిగింది, భయపెట్టింది మాత్రం చర్మం

ఆ ఉదయం వాన అప్పుడే వెలిసింది. తార్నాకలోని మా ఇంటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్‌కు స్కూటీ మీద పెద్ద దూరమేమీ కాదు. నేను అక్కడ కెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ రోజు ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాక్టికల్స్. ముందుగా వెళ్లి ద్రావణాలు కలిపి పెట్టాలి. తొందర ఉంది కానీ వేగంగా పోలేదు. చెట్ల కింద రోడ్డు మలుపు తిరిగే చోట రాలిన ఆకులు తడిసి ముద్దయి ఉన్నాయి. ముందు చక్రం వాటి మీద జారింది. బండి ఎడమవైపు పడింది. నా ఎడమ పాదం దాని కింద ఇరుక్కుంది.

మొదట నొప్పి తెలియలేదు. ఎవరో బండి ఎత్తారు. కాలు దగ్గరికి లాక్కుందామని చూశాను. మోకాలు వచ్చింది, పిక్క వచ్చింది, పాదం మాత్రం వాటితో సరిగ్గా రాలేదు. అప్పుడు కిందికి చూశాను. పాదం బయటివైపుకు తిరిగిపోయి ఉంది. లోపలివైపు, చీలమండ దగ్గర, ఎముక చర్మాన్ని లోపలి నుంచి పొడుచుకొస్తోంది. అంతమేర చర్మం సాగి, తెల్లగా పాలిపోయింది. ఎక్కడా రక్తం చుక్క లేదు. అంత పెద్ద దెబ్బకు రక్తం రాలేదంటే లోపల ఏమైపోయిందోనని నాకు ఒళ్లు చల్లబడింది.

నా వెనకే వస్తున్న స్వరూప బండి ఆపి పరుగెత్తుకొచ్చింది. మా డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనే పనిచేస్తుంది. వాళ్లాయన రైల్వే ఉద్యోగి, లాలాగూడ క్వార్టర్స్‌లో ఉంటారు. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది.

"అక్కా, కాలు కదిలియ్యకు. గట్లనే ఉండు. నా దిక్కు సూడు, కాలు దిక్కు సూడకు."

గుమిగూడిన వాళ్లలో ఒకాయన పాదం పట్టుకుని సరిచేద్దామని కూర్చోబోయాడు. స్వరూప గట్టిగా అరిచింది. "ముట్టకుర్రి సార్! డాక్టరు సూడనియ్యుర్రి." ప్రాక్టికల్స్‌కు వెళ్తూ ఆగిన పిల్లల దగ్గర రెండు లావుపాటి ప్రాక్టికల్ రికార్డులు తీసుకుని కాలికి అటొకటి, ఇటొకటి పెట్టి తన చున్నీతో కట్టింది. నన్ను ఆటోలో పడుకోబెట్టి కాలు తన ఒళ్లో పెట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌తో "జర మెల్లగ భయ్యా, మెల్లగ" అంటూనే ఉంది.

దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఆ తెల్లబడిన చర్మాన్ని వేలితో నొక్కి చూసి వెంటనే ఫోన్ చేశాడు. కాసేపట్లో ఆర్థోపెడిక్ సర్జన్ వచ్చారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"అమ్మా, ఇది డిస్‌లొకేషన్. కీలు పక్కకు జరిగింది. ఎముక లోపల నుంచి చర్మాన్ని నొక్కేస్తోంది, అక్కడికి రక్తం అందట్లేదు. ఇలాగే ఉంచితే ఆ చర్మం చచ్చిపోతుంది. ముందు మత్తిచ్చి పాదం సరిచేస్తా. ఎక్స్‌రే తర్వాత."

చర్మం చచ్చిపోవడం అన్న మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఆ తర్వాత కొన్ని నెలల పాటు రోజూ నా చెవిలో అదే మాట.

నాకు తెలివొచ్చేసరికి పాదం నిటారుగా ఉంది. మోకాలి కింది నుంచి వేళ్ల దాకా స్లాబ్ అనే సగం పిండికట్టు వేసి కట్టారు. మా ఆయన రమణ వచ్చి తల దగ్గర నిలబడ్డారు. మాది నంద్యాల వైపు. ఆయన ఉద్యోగం కోసం వచ్చి హైదరాబాద్‌లోనే స్థిరపడ్డాం. నోరు మూసుకుని ఉండగలిగే మనిషి కాదు. "ఏం కాదులేమే. ఎముక ఇరిగితే అతుక్కుంటాది. నెలలో నీ స్కూటీ నువ్వే తోలతావు," అన్నారు.

ఎక్స్‌రే, సీటీ స్కాన్ చూసి డాక్టర్ గారు ట్రైమాలియోలార్ ఫ్రాక్చర్ అన్నారు. చీలమండ దగ్గర మూడు పక్కలా విరిగిందట. ప్లేటు, స్క్రూలు వేయాలి. తర్వాత రక్తపరీక్షల కాగితం చూస్తూ అడిగారు.

"షుగర్ ఎప్పటి నుంచమ్మా?"

"నాకు షుగర్ లేదండి."

"ఉందమ్మా. బాగా ఎక్కువే ఉంది. కొన్నేళ్లుగా ఉండి ఉంటుంది, మీకు తెలీదు."

నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. చెప్పు కరిచి బొటనవేలికి పుండు పడింది. షుగర్ ఉండటం వల్ల మానలేదు. వేలు తీశారు, తర్వాత సగం పాదం, తర్వాత మోకాలి కింద వరకు. అప్పుడు నేను బడికెళ్లే వయసులో ఉన్నాను. మంచం మీద దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు చదునుగా ఉండటం చూసి ఆ గదిలోకి వెళ్లడం మానేశాను. ఇప్పుడు నా మీద కప్పిన దుప్పటి వైపు చూడాలంటే భయమేసింది.

మర్నాడు స్లాబ్ వదులు చేసి చూశారు. పాదం రెండింతలు వాచింది. చర్మం సాగి మెరుస్తోంది. ఆ మరుసటి రోజుకు బొబ్బలు లేచాయి. కొన్నింట్లో నీళ్లు, కొన్నింట్లో నల్లటి రక్తం. నర్సు కట్టు విప్పగానే మా ఆయన "అయ్యో" అన్నారు. నేను ఒక్కసారి చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాను. అప్పటి నుంచి డ్రెసింగ్ అంటే గోడవైపు తిరగడం అలవాటైపోయింది.

"ఎముక సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు సమస్య సాఫ్ట్ టిష్యూ," అన్నారు డాక్టర్ గారు. "పైచర్మం, దాని కింది కండ బాగా నలిగాయి. ఇప్పుడు కోసి ప్లేటు పెడితే ఆ గాయం మూసుకోదు. ప్రస్తుతానికి బయట నుంచి రాడ్లు వేసి కీలు కదలకుండా పట్టి ఉంచుతా. దీన్ని ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారు. వాపు దిగాక అసలు ఆపరేషన్."

"ఎప్పుడు దిగుతుంది సార్?"

"చర్మం మీద సన్నటి ముడతలు కనిపించాలి. అవి కనిపించినప్పుడే."

ఫిక్సేటర్ వేశాక నా కాలు నా కాలులా లేదు. కాలి ఎముకలో, మడమలో ఇనుప పిన్నులు, వాటిని కలుపుతూ రాడ్లు. మా అమ్మాయి కీర్తి ఇంటర్ చదువుతోంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మమ్మీ, నొప్పి లేస్తుందా?"

"లేదమ్మా, మందులిచ్చారు."

"మళ్లీ నడుస్తవ్ కదా?"

"నడుస్తా," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు.

రోజులు గడుస్తున్నాయి. కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టి పడుకోవడం, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్, వేలు గుచ్చి షుగర్ చూడటం, ఇన్సులిన్. ఆపరేషన్ మాటే లేదు. అంబర్‌పేట్‌లో ఉండే మా ఆయన మేనమామ కొడుకు చూడటానికి వచ్చి, తనకు తెలిసిన ఇంకో డాక్టర్‌కు ఎక్స్‌రే ఫోటో పంపించాడు. ఆయన రేపే చేసేస్తానన్నాడట. మా ఆయన మనసు అటు లాగింది.

"ఇరిగిన ఎముక ఇట్లనే ఇన్నాళ్లు పెడతారా ఎవరన్నా? ఈడ ఊరికే పండబెట్టినారు. పోదాం పా, ఆడ రేపే చేసేస్తారంట."

నాకూ వెళ్లిపోవాలనే ఉంది. ఏదో ఒకటి జరిగిపోతే చాలు, ఈ ఎదురుచూపు పోతుందనిపించింది. ఆ సాయంత్రం డాక్టర్ గారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు మా ఆయన అడిగేశారు. ఆయన కోపగించుకోలేదు.

"వెళ్లాలనుకుంటే కాగితాలన్నీ ఇస్తాను. కానీ ఒక్క మాట. ఆ డాక్టర్ గారు ఎక్స్‌రే చూశారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, ఈ బొబ్బలు కనిపించవు. ఇక్కడికి వచ్చి ఈ కాలు చూస్తే ఆయనా ఆగుదామనే అంటారని నా నమ్మకం. మీకు షుగర్ కూడా ఉందమ్మా."

మా ఆయన నా వైపు చూశారు. బొబ్బల మీద కత్తి పెట్టడం ఊహించుకున్నాను. "ఆగుదామండీ," అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదది. రెండు భయాల్లో పెద్ద భయం ఏదో తెలిసి అన్నది.

స్వరూప ఆఫీసు అయ్యాక వచ్చేది. రాగానే నా పాదం దగ్గర వంగి చూసేది. "నా మొకం మీద ముడుతలు వస్తున్నయ్ గానీ నీ కాలు మీద వస్తలేవు అక్కా," అని నన్ను నవ్వించడానికి చూసేది. బొబ్బలు ఎండి, పొరలు రాలి, కింద లేత చర్మం వచ్చింది. రెండు వారాలు దాటాక ఒక ఉదయం డాక్టర్ గారు చీలమండ పక్కన రెండు వేళ్లతో చర్మాన్ని దగ్గరికి నొక్కారు. సన్నటి గీతలు పడ్డాయి. "రేపు చేద్దాం," అన్నారు.

నడుము కింద మత్తు ఇచ్చారు. నొప్పి లేదు కానీ చప్పుళ్లన్నీ వినిపించాయి. డ్రిల్ తిరుగుతుంటే మంచమంతా అదిరింది. ఎవరిదో కాలును మరమ్మతు చేస్తున్నట్టు వింటూ పడుకున్నాను. బయటివైపు ప్లేటు, లోపలివైపు స్క్రూలు. రాడ్లు తీసేశారు. కొన్నాళ్లకు ఇంటికి పంపించారు. కాలు నేల మీద ఆనించకూడదు, షుగర్ అదుపులో ఉండాలి, డ్రెసింగ్‌కు రావాలి. ఇంతటితో గండం గట్టెక్కిందనుకున్నాను.

డ్రెసింగ్‌కు వెళ్లినప్పుడు నేను మామూలుగానే గోడవైపు తిరిగేదాన్ని. మా ఆయన చూసి చెప్పేవారు. "బాగుందిమే. గీత గీసినట్టుంది." ఆయన మాటే నాకు కళ్లు. ఒకరోజు కట్టు విప్పారు. ఆయనేం చెబుతారా అని ఎదురుచూశాను. మాట రాలేదు. తల తిప్పి ఆయన మొహం చూశాను. పెదవులు బిగించుకుని కుట్ల వైపే చూస్తున్నారు.

డాక్టర్ గారు వచ్చి చూశారు. "ఎడ్జ్ నెక్రోసిస్. బయటివైపు కుట్ల అంచు నల్లబడింది, కొంచెం చీము కూడా వస్తోంది. మళ్లీ అడ్మిట్ అవ్వాలమ్మా. చచ్చిన చర్మం తీసేసి శుభ్రం చేయాలి."

"ఇన్నాళ్లు ఆగాం కదా సార్, మరి ఎందుకిలా?"

"ఆగడం వల్లే ఇంతటితో సరిపోయింది. దెబ్బ రోజు నలిగిన చర్మం, దానికి తోడు షుగర్. జాగ్రత్తగా ఉన్నా కొందరికి ఇలా అవుతుంది."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "కాలు తీసేస్తారా?"

ఆయన వెంటనే లేదు అనలేదు. ఆ కాస్త ఆలస్యం నేను ఇప్పటికీ మర్చిపోలేను. "ఆ అవసరం రాకూడదనే అమ్మా, ఇవాళే అడ్మిట్ అవ్వమంటున్నది," అన్నారు.

శుభ్రం చేశాక గాయం పెద్దదైంది. దాని మీద స్పాంజి పెట్టి, గొట్టం తగిలించి, మిషన్‌తో లోపలి తడిని లాగేశారు. దాన్ని వ్యాక్ డ్రెసింగ్ అన్నారు. ఆ మిషన్ చేసే గురగుర శబ్దం ఆగితే భయం, ఆగకపోయినా భయం. అదే వారం ప్లాస్టిక్ సర్జన్‌ను పిలిపించారు. ఆమె నాకంటే చిన్న వయసు. డ్రెసింగ్ విప్పుతుంటే నేను గోడవైపు తిరగడం చూసి చేయి ఆపేశారు.

"మీరు చూడరా?"

"నావల్ల కాదు మేడమ్. మా ఆయన చూస్తారు."

"ఆయన ఆఫీసుకెళ్లినప్పుడో? షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గొచ్చు. నొప్పి వచ్చి మిమ్మల్ని లేపుతుందని నమ్మకం లేదు. మీ కాలు మీరు చూసుకోకపోతే రేపు దీన్ని ఎవరు కాపాడతారు? ఇటు తిరగండి. మీరు రెడీ అయ్యాకే విప్పుతా."

ఆమె నిజంగానే ఆగారు. నర్సు కూడా ఆగింది. మా ఆయన నా చేయి పట్టుకుని "చూడుమే, నేనుండానుగా" అన్నారు. తిరిగి చూశాను. చీలమండ బయటివైపు ఎర్రటి గుంట. దాని అడుగున తళుక్కున లోహం. ఒక స్క్రూ తల స్పష్టంగా కనిపిస్తోంది. ల్యాబ్‌లో స్టాండ్లకు అలాంటి స్క్రూలు ఎన్ని బిగించానో. ఇది నా ఒంట్లో ఉంది. కళ్లు తిరిగాయి. కానీ చూశాను. ఇన్నాళ్లు గోడవైపు తిరిగి ఊహించుకున్న కాలు దీనికంటే ఘోరంగా ఉండేది. అందులో అసలు పాదమే ఉండేది కాదు.

"దీని మీద మామూలు చర్మం అతికిస్తే నిలవదు," అన్నారామె. "పిక్క వెనక నుంచి చర్మాన్ని దాని రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి ఇక్కడ కప్పుతాం. ఫ్లాప్ అంటారు. పిక్క దగ్గర ఖాళీ అయిన చోట తొడ మీది పలుచటి చర్మం వేస్తాం. ఫ్లాప్ బతికితే కాలు నిలిచినట్టే."

"బతక్కపోతే?"

"అప్పుడు ఇంకో దారి చూస్తాం. ముందు దీన్ని బతికిద్దాం."

ఫ్లాప్ ఆపరేషన్ తర్వాతి రోజులు నా జీవితంలో అన్నిటికంటే భయంగా గడిచినవి. నర్సులు మాటిమాటికీ వచ్చి ఆ చర్మాన్ని వేలితో నొక్కి వదిలేవారు. నొక్కినచోట తెల్లబడి, మళ్లీ గులాబీ రంగు రావాలి. ఈసారి నేనూ చూస్తున్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఆ రంగు నాకే తేడాగా అనిపించింది. నేరేడు పండు రంగుకు తిరుగుతోంది. "సిస్టర్, ఇటు రండి, రంగు మారుతోంది," అని పిలిచాను. ఆమె చూసి పరుగున వెళ్లింది. ప్లాస్టిక్ సర్జన్ వచ్చారు. "రక్తం లోపలికి వస్తోంది కానీ తిరిగి వెళ్లడం లేదు, కంజెషన్," అంటూ మంచం దగ్గరే కొన్ని కుట్లు విప్పేశారు. ముదురు రక్తం కారింది. కాలు ఇంకా ఎత్తించారు, ఎక్కడా ఒత్తిడి పడకుండా కట్టు మార్చారు. మా ఆయన గది బయటికి వెళ్లిపోయారు. తలుపు సందులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. భుజాలు కదులుతున్నాయి.

నేను ఏ దేవుణ్ణీ పేరు పెట్టి మొక్కుకోలేదు. ఆ ముక్క చర్మాన్నే చూస్తూ, దాంతోనే మాట్లాడాను. ఉండు, పోవద్దు అని.

సాయంత్రానికి రంగు కొంచెం లేతబడింది. మర్నాటికి గులాబీ తిరిగొచ్చింది. ఒక కొసన చిన్న ముక్క నల్లబడి ఊడిపోయింది కానీ మిగతాదంతా నిలిచింది. రౌండ్స్‌లో ఆర్థోపెడిక్ డాక్టర్ గారు చూసి, "బతికింది" అని ఒక్క మాట అన్నారు. మా ఆయన అక్కడే ఆయన చేతులు పట్టుకున్నారు.

తర్వాత భయం పోయిందని చెప్పలేను, దాని చోటు మారిందంతే. చాలా వారాలు యాంటీబయాటిక్స్. ఎముక అతుకుతోందో లేదోనని ప్రతి ఎక్స్‌రేకు గుండెదడ. వాకర్‌తో ఒంటికాలి మీద ఇంట్లో తిరగడం. చివరికి పాదం నేల మీద పెట్టమన్న రోజు నావల్ల కాలేదు. ఫిజియోథెరపిస్ట్ బరువు తూచే మిషన్ తెచ్చి నేల మీద పెట్టింది.

"మేడమ్, మొత్తం బరువు వద్దు. ముల్లు జరంత కదిలితే చాలు."

పెట్టాను. ప్లేటు విరిగిన చప్పుడు వస్తుందని చెవులు రిక్కించి విన్నాను. ఏ చప్పుడూ రాలేదు. ముల్లు కొద్దిగా కదిలింది. "గంతే మేడమ్, ఇయ్యాల్టికి చాలు," అంది. నాకు ఏడుపొచ్చింది. తర్వాత రోజూ ఆ ముల్లు ఇంకాస్త ముందుకు.

చాలా నెలల తర్వాత డ్యూటీలో చేరాను. మొదటి రోజు స్వరూప ఇంటికొచ్చి నన్ను ఆటోలో తీసుకెళ్లింది. పడిన మలుపు దగ్గరికొచ్చేసరికి నేను ముందు కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. ఆమె చూసి నా చేతి మీద చేయి వేసింది.

ఇప్పుడు నడుస్తున్నాను. పాదం పూర్తిగా పైకి వంగదు, మెట్లు దిగేటప్పుడు కాస్త పక్కకు తిరిగి దిగుతాను. ల్యాబ్‌లో ఎక్కువసేపు నిలబడితే సాయంత్రానికి చీలమండ వాస్తుంది. ఫ్లాప్ ఉన్నచోట చర్మం ఉబ్బెత్తుగా ఉంటుంది, మూసిన బూట్లు పట్టవు. దాని మీద చేయి వేస్తే చేతికి తెలుస్తుంది, కాలికి తెలియదు. స్కూటీ అమ్మేశాం. వాన పడిన రోజు ఇప్పటికీ గడప దాటే ముందు కాసేపు ఆగుతాను. మందులు, తిండి, నడకతో షుగర్ అదుపులో ఉంది.

నాలా కాలి గాయంతో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లకు, నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ కాలును మీ కళ్లతో మీరే రోజూ చూసుకోండి. ఈ మధ్య ఒక సాయంత్రం స్నానం చేసి కాలు తుడుచుకుంటూ చూస్తే ఫ్లాప్ అంచున ఎర్రగా చిన్న మచ్చ కనిపించింది. కొత్త చెప్పు పట్టీ ఒరుసుకుంది. నాకు నొప్పే తెలియలేదు. అప్పటికప్పుడు ఆటో ఎక్కి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆమె చూసి మందు రాసి, చెప్పులు మార్చమన్నారు. వారంలో మానిపోయింది. ఎవరి మొహంలోనో చూసి తెలుసుకుందామని నేను కూర్చుని ఉంటే, ఆ మచ్చ పుండయ్యేదాకా నాకు తెలిసేది కాదు. చూడాలంటే భయంగానే ఉంటుంది. నాకు ఇవాళ పొద్దున కూడా ఉంది. భయపడుతూనే చూడండి. నిన్నటికీ ఇవాళ్టికీ రంగులో, తడిలో, వాపులో ఏ కాస్త తేడా కనిపించినా రేపటిదాకా ఆగకండి.